లింకుకి లింకు: ఇచ్చిపుచ్చుకునే పేజీ

మీరు అవతలి సైటుకి, వాళ్లు మీ సైటుకి లింకులిచ్చుకునే పేజీ గురించి ఇది. ఆత్రేయపురం పూతరేకుల సైటుకి దిండి హౌస్‌బోటు సైటు లింకిచ్చిందంటే అర్థముంది; షికారుకొచ్చినవాళ్లు కొనుక్కెళ్తారు. ఎక్కడో ఉన్న లోన్ల సైటుతో మాత్రం వద్దు. కేవలం ఇచ్చిపుచ్చుకోడానికే పెట్టిన పేజీల్ని గూగుల్ స్పామ్ కిందే లెక్కేస్తుంది.

మీ పేజీలో 20 లింకులు దాటనివ్వకండి. ఒక్కోదాని కింద సొంతంగా ఒక వాక్యం రాయండి. డబ్బు తీసుకున్న లింకుకైతే దాని కోడ్‌లో 'రెల్' (rel) దగ్గర 'స్పాన్సర్డ్' (sponsored) అని పెట్టాలి. ఈ గుర్తు 2019లో వచ్చింది.

నెలకోసారి తనిఖీ చేయండి. 404 (పేజీ లేదనే కోడ్) వస్తే తీసేయడం తేలికే. అసలు తంటా 200 (అంతా బాగుందనే కోడ్) చూపించే చచ్చిన సైటుతోనే. డొమైన్ గడువు తీరాక ఇంకెవరో కొనేసుంటారు. లింకులు తనిఖీ చేసే టూలు బాగానే ఉందంటుంది, తెరిస్తే పేకాట ప్రకటనలు! అందుకే కంటితో చూడాలి. అవతలివాళ్లు మీ లింకుకి గుట్టుగా 'నోఫాలో' (nofollow; ఈ లింకుని లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి చెప్పే గుర్తు) తగిలించారేమో పేజీ సోర్సులో, అంటే దాని వెనకున్న కోడ్‌లో, వెతకండి.