స్కేలు పట్టినవాడే ఒంటికాలి మీద నిలబడాలని లేదు

విజయనగరం, మంగళవారం

మధ్యాహ్నం ఎండకి గ్రౌండులోకి దిగే వీల్లేక ఎనిమిదో తరగతి డ్రిల్లు పీరియడు వరండాలోనే గడిచింది. ముందు స్కేలు పరీక్ష, అంటే జారే స్కేలుని ఎంత త్వరగా పట్టుకుంటారో చూడటం. 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలు, ఒక బల్ల, ఒక కుర్చీ చాలు. పిల్లవాడు కూర్చుని ముంజేయి బల్లకి ఆనించి, మణికట్టు అంచు దాటేలా పెట్టాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు సెంటీమీటర్ల సందు. ఆ సందులో మనం నిలువుగా పట్టుకున్న స్కేలు సున్నా గీత బొటనవేలి పై అంచుకి సమంగా ఉండాలి. చెప్పకుండా వదిలి, పట్టుకున్నాక అదే అంచు దగ్గర అంకె చదవాలి. 10 దగ్గర పడితే సుమారు 0.14 సెకను, 15 అయితే 0.175, 20 అయితే 0.20.

పరీక్ష చెడేది ఎక్కువగా వదిలే మనిషి వల్లే. ప్రతిసారీ ఒకే లెక్కకి వదిలితే పిల్లలు ఆ లయ పట్టేస్తారు. ఒకటి నుంచి నాలుగు సెకన్లలో ఎప్పుడు వదులుతామో తెలియకూడదు. వదిలేవాళ్ళ వేళ్ళు ముందే కొంచెం సడలినా కనిపెట్టేస్తారు. 5 సెంటీమీటర్ల లోపు పట్టారంటే 0.1 సెకను, అంత తక్కువలో కన్ను చూసి వేళ్ళు మూయడం కుదరదు, ఊహించి మూసినట్టే. ఆ అంకె కొట్టెయ్యాలి. పరుగు పందేల్లో తుపాకీ పేలాక 0.1 సెకను లోపు కదిలితే ఫౌల్ స్టార్ట్ అనేది కూడా ఈ లెక్క మీదే. రెండు మూడు సార్లు అలవాటుకి వదిలి, తర్వాతి అయిదింటిలో పెద్దదీ చిన్నదీ తీసేసి సగటు కట్టాలి. చెమట చేతులు తుడిపించాలి, మన ఉక్కలో ఇది చిన్న విషయం కాదు.

తర్వాత వట్టి కాళ్ళతో, కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడటం. ఎత్తిన పాదం నేల తాకినా, నిలిచిన పాదం జరిగినా గడియారం ఆపాలి. చివరికి మేకుల బల్ల: 25 బెజ్జాలు, 30 సెకన్లలో ఎన్ని మేకులు గుచ్చారో లెక్క.

మూడు వరుసలూ పక్కపక్కన పెడితే ఎక్కడా పొంతన లేదు. స్కేలు ముందుగా పట్టిన గుంటడు ఒంటికాలి మీద ఊగిపోయాడు. మేకులు చకచకా గుచ్చిన పిల్ల స్కేలు దగ్గర వెనకబడింది. "ఈడికి ఏటీ రాదు మాస్టారూ" అని తోటివాళ్ళు తోసేసినవాడు కళ్ళు మూసుకుని అందరికంటే ఎక్కువసేపు నిలిచాడు. ఇలా జరుగుతుందని అమెరికాలోని బర్క్‌లీలో ఒంటి కదలికల మీద పరిశోధన చేసిన ఫ్రాంక్లిన్ హెన్రీ ఎప్పుడో చెప్పాడు: ఒంట్లో ఒకే ‘చురుకు’ లేదు, ఒకదానితో ఒకటి పెద్దగా సంబంధం లేని సామర్థ్యాలు చాలా ఉన్నాయని. ఎడ్విన్ ఫ్లీష్‌మన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త వాటిని విడదీసి పేర్లు పెట్టాడు: ప్రతిస్పందన వేగం, వేళ్ళ నేర్పు, చేయి వణకని నిలకడ, గురి, కాళ్ళూ చేతులూ కలిపి కదిలించే పొందిక, ఇంకా ఎన్నో.

ఈ జిల్లాల్లో చూసినా అంతే. శ్రీకాకుళం పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగులో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఆ ఎత్తుకి పేలుడు లాంటి బలం కావాలి, ఒళ్ళంతా ఒకే క్షణంలో కలవాలి; స్కేలు పరీక్షలో వచ్చే అంకెతో దానికి పనేమీ లేదు. పొందూరులో ఏకు వడికే చేతిది ఇంకో విద్య. కుడిచేయి రాట్నం తిప్పుతుంది, ఎడమచేయి ఏకుని లాగుతుంది. పురి ఎక్కువైతే నూలు మెలికపడుతుంది, లాగుడు ఎక్కువైతే పలచబడి తెగుతుంది. రెండు చేతుల వేగాల మధ్య నిష్పత్తి వేళ్ళ కొసలకే తెలియాలి. ఈ రెండు పనులకీ ఒకే పరీక్ష పెట్టి ఎవరు గొప్పో తేల్చాలనుకోవడం అన్యాయం.

మొదటి రోజు మార్కుని నేను అసలు నమ్మను. సాధన సాగేకొద్దీ ఆ పనికి కావలసిన సామర్థ్యాలే మారతాయని ఫ్లీష్‌మన్ 1950ల్లోనే చూపించాడు. మొదట్లో చెప్పింది అర్థం చేసుకునేవాళ్ళు ముందుంటారు, తర్వాత చేతివేగం ఉన్నవాళ్ళు దాటిపోవచ్చు. చివర్లో పిల్లలతో ఒకే వ్యవధిలో ఒక చేత్తో మూడు దెబ్బలు, ఇంకో చేత్తో నాలుగు వేయించాను. విడివిడిగా అయితే చేతులు ఒకదాన్నొకటి లాగేసుకుంటాయి. 12 లెక్కపెడుతూ 1, 4, 7, 10కి కుడి, 1, 5, 9కి ఎడమ వేస్తే, రెండూ కలిసి ఒకే నడకగా వినిపించాక వచ్చేస్తుంది. మన ఊరి హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు అయిదు అంగాలతో అయిదు తాళాలు వేసేవారని ప్రసిద్ధి. రెంటితోనే చేతులిలా చిక్కుపడుతుంటే అది ఎంత సాధనో ఊహించుకోవాల్సిందే.

రిజిస్టర్లో ‘మొత్తం’ గడి కొట్టేశాను. మూడు పరీక్షలకి మూడు గడులు, ఒక్కోదానిలో ఇవాళ్టిదీ నెల తర్వాతదీ. ఎడమచేతివాటం పిల్లలకి మేకుల పెట్టె ఎడమపక్కనే పెట్టాలి. కుడిపక్కన ఉంటే చేయి ఒంటికి అడ్డంగా దాటాలి, రెండు మూడు మేకులు దానికే పోతాయి.