పడవ నీళ్లలోకి దిగే ముందు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో కార్ల నంబర్ ప్లేట్ల మీద ‘10,000 సరస్సులు’ అని ఉంటుంది. పదెకరాలు, అంతకు మించినవి లెక్కపెడితే 11,842 తేలాయి. వీటిలో చాలావాటికి పబ్లిక్ బోట్ ర్యాంపులున్నాయి. నీళ్లలోకి వాలుగా దిగే కాంక్రీటు దారి, పక్కన పడవలు కట్టేసుకునే డాక్, ఎగువన పార్కింగ్, అంతే. పడవను ట్రైలర్ మీద లాక్కొచ్చి ఎవరైనా దించుకోవచ్చు. డిపెండెంట్ వీసా మీద వచ్చిన నాకు వర్క్ పర్మిట్ చేతికొచ్చాక దొరికిన పని ఈ ర్యాంపుల దగ్గరే. వచ్చే పోయే పడవలను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్‌ని.

మేం ముఖ్యంగా వెతికేది జీబ్రా మసెల్‌ని. వేలిగోరంత ఉండే చారల గుల్ల ఇది. నల్ల సముద్రం, కాస్పియన్ ప్రాంతాల జీవి. ఓడల అడుగున నింపుకునే నీళ్లలో కలిసి వచ్చి 1988లో అమెరికా, కెనడా సరిహద్దులోని గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల్లో బయటపడింది. మరుసటి ఏడాదే ఈ రాష్ట్రంలోని దులూత్ హార్బర్‌లో దొరికింది. ఒక సరస్సులో పాతుకుపోయిందంటే వదిలించడం దాదాపు అసాధ్యం. డాక్ స్తంభాలకు, పైపులకు, ఇంజన్లకు గుత్తులు గుత్తులుగా పట్టేస్తుంది. ఒడ్డున ఉత్త కాళ్లతో నడిచే పిల్లల పాదాలు కోసుకుపోతాయి. పిల్ల దశలో అసలు కంటికే ఆనదు కాబట్టి పడవలో మిగిలిన చెంబెడు నీళ్లతో కూడా ఇంకో సరస్సుకు చేరగలదు. అందుకే నీళ్లన్నీ వదిలేసి, డ్రెయిన్ ప్లగ్ తీసి ఉంచాకే పడవ రోడ్డెక్కాలని ఇక్కడి చట్టం.

చిక్కంతా ఆ ప్లగ్‌తోనే. పడవ వెనకాల, అడుగున ఉండే రంధ్రానికి బిగించే బిరడా అది. ఊరి నుంచి బయల్దేరేటప్పుడు చట్టప్రకారం తీసి ఉంచినవాళ్లు, ర్యాంపు మీదికి వచ్చాక తిరిగి పెట్టడం మరిచిపోతారు. కొత్తవాళ్లే కాదు, ఏళ్ల తరబడి చేపలు పడుతున్నవాళ్లు కూడా. మే నెలలో వాల్‌ఐ చేపల సీజన్ మొదలయ్యే శనివారం ఇక్కడ పండగలాంటిది, తెల్లారకముందే లైను కడతారు. అలాంటి ఒక పొద్దున ఓ పెద్దాయన పడవ దించి, డాక్‌కు కట్టి, ట్రక్కు పార్క్ చేయడానికి పైకెళ్లారు. చూస్తుండగానే పడవ వెనక భాగం కిందికి కుంగిపోతోంది. లోపల సంచులు, లైఫ్ జాకెట్లు తేలుతున్నాయి. నేను కేకేసేలోపే లైన్లో ఉన్నవాళ్లు ఇద్దరు పరుగెత్తారు. ఒకతను మోకాళ్ల లోతు చల్లటి నీళ్లలోకి దిగి పడవను పట్టుకున్నాడు, ఇంకొకతను పెద్దాయన ట్రక్కును వెనక్కి గైడ్ చేశాడు. పడవను మళ్లీ ట్రైలర్ మీదికి లాగి పైకి తెస్తే ఆ రంధ్రంలోంచి నీళ్లు ధారగా చాలాసేపు కారాయి. వెనక పది పన్నెండు బళ్లు ఆగి ఉన్నా ఒక్కరూ హారన్ కొట్టలేదు, ఎవరూ ఫోన్ తీసి వీడియో పట్టలేదు. ఈ దేశంలో నేను చూసిన మర్యాదల్లో నాకు బాగా నచ్చింది ఇదే. అప్పట్నుంచి తనిఖీ ముగించేటప్పుడు ప్రతి ఒక్కరికీ చివరి మాటగా ప్లగ్ పెట్టుకోమని చెబుతున్నాను. అది నా డ్యూటీలో రాసి లేదు.

ర్యాంపు మర్యాదంతా నిజానికి ర్యాంపుకు పైన, పార్కింగ్‌లోనే మొదలవుతుంది. సామాన్లు ఎక్కించడం, ప్లగ్ పెట్టడం, పడవకు తాడు కట్టడం, వెనక బెల్టులు విప్పడం, ట్రైలర్ లైట్ల వైరు తీయడం, ఇవన్నీ అక్కడే కానిచ్చుకోవాలి. పాతరకం బల్బులు వేడిగా ఉన్నప్పుడు చల్లటి నీళ్లు తగిలితే పగిలిపోతాయి. ముందువైపు వించ్ (పడవను ట్రైలర్ మీదికి చుట్టి లాగే మర) పట్టీ, గొలుసు మాత్రం నీళ్లు చేరేదాకా విప్పకూడదు. రోలర్లున్న ట్రైలర్ అయితే పట్టీ వదలగానే పడవ జారి కాంక్రీటు మీద పడుతుంది. ఆ చప్పుడు విన్నాక ర్యాంపు మీద ఎవరికీ కాసేపు మాట రాదు. నీటి అంచున పాచి పట్టి ఉంటుంది కనుక హ్యాండ్‌బ్రేక్ వేయకుండా బండి దిగితే అంతే సంగతులు. చీకట్లో రివర్స్ చేసేటప్పుడు హెడ్‌లైట్లు ఆపాలి, లేకపోతే పక్కన దించుతున్నవాళ్ల కళ్లలో పడి వాళ్లకు అద్దాల్లో ఏమీ కనిపించదు.

ఇంకోటి చాలామందికి తెలియదు. తిరిగొచ్చేటప్పుడు ఇంజన్ గట్టిగా రెయిజ్ చేసి పడవను ట్రైలర్ మీదికి తోయడం. సులువుగానే అవుతుంది, కానీ ఆ నీటి ఉరవడికి కాంక్రీటు అంచు దగ్గర మట్టి కొట్టుకుపోయి గుంట పడుతుంది. తర్వాత వచ్చినవాడి ట్రైలర్ చక్రాలు ఆ అంచు దాటి గుంటలో ఇరుక్కుంటాయి. వించ్‌తో లాగితే నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది, లైన్లో ఎవరూ ఏమీ అనుకోరు.

మన తెలుగు కుర్రాళ్లు నలుగురు కలిసి సెకండ్‌హ్యాండ్ పడవ కొనుక్కుని వచ్చారు ఈమధ్య. ట్రైలర్ ఎంత తిప్పినా అడ్డంగా పోతోంది. లైను పెరిగేకొద్దీ స్టీరింగ్ దగ్గరున్న అబ్బాయికి టెన్షన్.

“అక్కా, మా వల్ల అందరూ ఆగిపోయారు, వెళ్లిపోమంటారా?” అన్నాడు.

“ఎందుకు తమ్ముడూ? పక్కకి తీసి ఇద్దరిని వెళ్లనీ, తర్వాత నిదానంగా చెయ్యి. ఇక్కడ ఎవరూ తిట్టరు.”

వెనక బండాయన దిగి వచ్చి చేత్తో సైగలు చేస్తూ తిన్నగా దింపించాడు.

పడవ కొనాలనుకునే మనవాళ్లకు నేను చెప్పేది కూడా ఇదే. ముందు ఏదైనా ఖాళీ పార్కింగ్ లాట్‌లో ట్రైలర్ రివర్స్ నేర్చుకోండి. స్టీరింగ్‌ను కింది భాగంలో పట్టుకుంటే చెయ్యి ఎటు కదిపితే ట్రైలర్ అటే వెళ్తుంది. మొదటిసారి పడవ దించడానికి శనివారం పొద్దున కాకుండా, మంగళవారమో బుధవారమో సాయంత్రం పూట రండి.