కాలిపర్ విప్పకముందు నిపిల్ విప్పండి

మా పెదనాయనది 1967 ఎంజీబీ, టాపు తీసేసే రెండు సీట్ల పాత బ్రిటిష్ కారు. చిత్తూరులో బయల్దేరేటప్పుడు చక్కగా పోతుంది. పూతలపట్టు దాటి రెండు మూడుసార్లు గట్టిగా బ్రేకు తొక్కామంటే కుడి ముందు చక్రం పట్టేస్తుంది. స్టీరింగు కుడికి లాగుతుంది, కాలిన వాసన. చింతచెట్టు కింద అరగంట ఆపితే దానంతటదే వదిలేస్తుంది.

చూసినోళ్ళంతా "కాలిపర్ పోయింది, మార్చెయ్ నాయనా" అన్నారు. కాలిపర్ అంటే చక్రంతో తిరిగే డిస్కుని ప్యాడ్లతో పట్టి ఆపే బిగింపు; ఆయిల్ ప్రెషర్‌కి దాని లోపలి పిస్టన్ ప్యాడ్‌ని నెడుతుంది. నాకు ఆ అరగంట దగ్గరే అనుమానం. పిస్టన్ తుప్పుపట్టి బిగుసుకుంటే నీడలో నిలబెట్టినంత మాత్రాన వదలదు కదా!

జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, పెదనాయన చేత బ్రేకు తొక్కించి వదిలించాను. చక్రం చేత్తో తిరగలేదు. కాలిపర్ మీద ఆయిల్ బయటికి వదిలే చిన్న మర ఉంటుంది, అదే నిపిల్. దాన్ని అరచుట్టు విప్పానో లేదో నల్లటి ఆయిల్ చివ్వున చిమ్మింది, చక్రం వదులైంది. అంటే ప్రెషర్ యాడో ఇరుక్కుంది. నిపిల్ బిగించి మళ్ళీ తొక్కించి, ఈసారి చాసిస్ (బండి చట్రం) దగ్గర రబ్బరు హోస్‌కి కలిసే ఇనుప పైపు నట్టు వదులు చేశాను. ఆయిల్ కాస్త కారింది గానీ చక్రం కదల్లేదు. ఆ నట్టుకీ కాలిపర్‌కీ మధ్య ఉండేది రబ్బరు హోస్ ఒక్కటే. పైగా ఈ మోడల్‌లో నాలుగు చక్రాలకూ ఒకటే లైను. తప్పు పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్‌దైతే మిగతావీ పట్టేయాలి.

హోస్ పైన ఒక్క చీలిక లేదు. బ్లేడుతో నిలువునా కోసి చూస్తే లోపలి రబ్బరు ఉబ్బిపోయి, గుండుసూది దూరేంత సందు మిగిలింది. కాలి బలానికి ఆయిల్ అందులోంచి పోతుంది. తిరిగి రావడానికి ఆ బలం లేదు. వెనక చక్రాల డ్రమ్ము బ్రేకుల్లో లైనింగుల్ని లాగడానికి స్ప్రింగులుంటాయి. డిస్కు కాలిపర్‌లో పిస్టన్‌ని వెనక్కి తెచ్చేది సీలు రబ్బరు సాగుడే. రవ్వంత ప్రెషర్ మిగిలినా ప్యాడ్ డిస్కుని వదలదు.

ఇట్లాంటి బండిని కొండకు తీసుకుపోయేవాళ్ళని చూస్తే నాకు భయం. 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డే ఇప్పుడు తిరుమల దిగే దారి, పొడవునా మలుపులే. డాట్ 3 బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క. తేమ పీల్చాక ఆ లెక్క 140కి పడిపోతుంది. పట్టేసిన చక్రం వేడికి అది మరిగిందంటే పైపులో ఆవిరి బుడగలు, పెడల్ నేలకు.

ముందు రెండు హోసులూ మార్చి, పాత ఆయిల్ మొత్తం తీసేశాం. వెనక ఆక్సిల్ హోస్ ఇంకా రావాలి. అది వేసేదాకా కొండ మాట ఎత్తొద్దని పెదనాయనకు గట్టిగా చెప్పాను.