సైనస్ ఆపరేషన్, ఇన్సూరెన్స్, మధ్యలో ఒక్క మాట: నా అనుభవం

స్టవ్ మీద గిన్నె మాడిపోతోంది. నేను దానికి రెండడుగుల దూరంలో నిలబడి ఫోన్ మాట్లాడుతున్నాను. మా వారు హాల్లోంచి పరుగున వచ్చి స్టవ్ కట్టేసి, "వాసన రావట్లేదా నీకు?" అన్నారు. నిజంగానే రాలేదు. పొగ కళ్లకు తగిలాకే నాకు తెలిసింది. ఆ రోజు మాత్రం భయం వేసింది.

అప్పటికే 11 నెలలుగా ముక్కు దిబ్బడతో బాధపడుతున్నాను. కిందికి వంగితే బుగ్గల్లో, కళ్ల మధ్య రాయి కట్టినట్టు బరువు. పడుకుంటే గొంతులోకి చిక్కగా కారుతూ ఉండేది. మా ఫ్యామిలీ డాక్టర్ రెండుసార్లు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. వాడినన్నాళ్లు కాస్త తేలికగా ఉండేది, ఆపిన పది రోజులకు మళ్లీ మామూలే. మాడిన గిన్నె సంగతి విన్నాక ఆయనే, ఇక ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లమని చీటీ రాశారు.

ఈఎన్‌టీ డాక్టర్ గారు పెద్దాయన, నిదానంగా మాట్లాడతారు. "ఎప్పటి నుంచమ్మా?" అని అడిగారు. నేను పది మందికి చెప్పినట్టే చెప్పాను: "చిన్నప్పటి నుంచీ నాకు జలుబెక్కువ డాక్టర్ గారూ. ఈ మధ్య మరీ ఎక్కువైంది." పక్కన కూర్చున్న జూనియర్ డాక్టర్ అది రాసుకున్నారు. ఆ మాట తర్వాత నన్ను ఎంత తిప్పిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముక్కులో మత్తు స్ప్రే కొట్టి, చివర కెమెరా ఉన్న సన్నటి గొట్టం పెట్టి చూశారు. స్క్రీన్ మీద నాకూ చూపించారు. రెండు వైపులా ద్రాక్షపండు తొక్క తీస్తే ఎలా ఉంటుందో అలాంటి పాలిపోయిన బుడిపెలు. వాటిని పాలిప్స్ అంటారట. పైగా ముక్కు మధ్య గోడ ఎడమ వైపుకు వంగి ఉంది. కాగితం మీద ముఖం బొమ్మ గీసి చెప్పారు. సైనస్‌లంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులు, నాలుగు జతలు. బుగ్గల్లో ఉండే పెద్ద సైనస్‌కి బయటికి దారి అడుగున కాదు, పైన ఉంటుంది. లోపలి పొర మీద కంటికి కనిపించనంత సన్నటి నూగు లోపల ఊరే జిగురును పైకి ఊడ్చుకుంటూ తీసుకెళ్లి ఆ చిన్న దారిలోంచి బయటికి పంపుతుంది. ఆ దారి వాచి మూసుకుపోతే లోపల ఎంత మందు పోసినా లాభం తక్కువ. ఈ సంగతిని ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో మెస్సర్‌క్లింగర్ అనే డాక్టర్ ఓపిగ్గా పరిశీలించి చెప్పారనీ, ఇవాళ ఆ కెమెరా గొట్టంతో చేసే ఎండోస్కోపిక్ ఆపరేషన్‌కి పునాది అదేననీ తర్వాత చదివి తెలుసుకున్నాను.

ఆపరేషన్ చేసేయండి అని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. లక్షణాలు 12 వారాలు దాటితే దాన్ని దీర్ఘకాలిక సైనసైటిస్ అంటారు, అయినా ముందు మందులతో ప్రయత్నం చేయాల్సిందేనన్నారు. స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీటి కడుగుడు, ఎనిమిది వారాలు. స్ప్రే కొట్టడానికీ పద్ధతి ఉంది. కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో, మధ్య గోడకి కాకుండా చెవి వైపుకు తిప్పి కొట్టాలి. నేను అంతకు ముందు ఎప్పుడు వాడినా నేరుగా గోడకే కొట్టుకుని రక్తం తెప్పించుకునేదాన్ని. ఉప్పునీళ్లకు కుళాయి నీళ్లు నేరుగా వాడొద్దని గట్టిగా చెప్పారు. మరిగించి చల్లార్చినవో, డిస్టిల్డ్ వాటరో మాత్రమే వాడాలి. నీళ్లలో ఉండే ఒక రకం అమీబా ముక్కులోంచి మెదడుకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. చాలా అరుదే, కానీ అలా జరిగిన సందర్భాలున్నాయి. దయచేసి ఈ ఒక్క విషయంలో ఎవరూ బద్ధకించకండి.

ఆ ఎనిమిది వారాలూ నాకు విసుగ్గానే గడిచాయి. కానీ ఇన్సూరెన్స్ వాళ్లు తర్వాత మొదట అడిగింది దాని గురించే: ఏ మందు, ఎన్ని వారాలు, వాడాక ఏమైంది? స్ప్రే కొన్న బిల్లులు, ప్రతి విజిట్‌లో డాక్టర్ రాసిన నోట్ నా దగ్గర ఉన్నాయి కాబట్టి ఆ ప్రశ్నకు ఒక్క రోజులో జవాబు వెళ్లింది. మందుల తర్వాత తీసిన సీటీ స్కాన్‌లో సైనస్‌లు ఇంకా మూసుకుపోయే ఉన్నాయి. అప్పుడు డాక్టర్ గారే అన్నారు, "ఇప్పుడు చేద్దాం."

ఇక పాలసీ బయటికి తీశాను. తీసుకున్నప్పటి నుంచి ప్రీమియం కట్టడమే తప్ప ఆ కాగితాలు పూర్తిగా చదివింది లేదు. ఆదివారం మధ్యాహ్నం పెన్సిల్ పట్టుకుని కూర్చుని చదివాను. సైనస్, ముక్కు గోడ ఆపరేషన్లకు 24 నెలల వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ మొదలై అన్నాళ్లు గడిచాకే ఖర్చు ఇస్తారని పేరు పెట్టి మరీ రాసి ఉంది. నా పాలసీ మొదలై 31వ నెల నడుస్తోంది, మధ్యలో ఎక్కడా తెగలేదు. హమ్మయ్య అనుకున్నాను. దాని కింది పేరాలో ఇంకో మాట ఉంది: పాలసీ తీసుకోకముందే ఉన్న జబ్బులకు 36 నెలలు. అది నాకు సంబంధం లేదనుకుని దాటేశాను.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మా ఆసుపత్రి నెట్‌వర్క్‌లో, అంటే వాళ్లతో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల జాబితాలో, ఉందో లేదో కనుక్కున్నాను. ఆసుపత్రి ఉంటే సరిపోదు, ఆ డాక్టర్, ఆ ఆపరేషన్ కూడా అందులోకి వస్తాయా అని విడిగా అడగండి. చేరడానికి ముందు 60 రోజుల ఖర్చులు, డిశ్చార్జి తర్వాత 90 రోజుల ఖర్చులు ఇస్తారన్నారు. ఆపరేషన్ తేదీ నుంచి వెనక్కి లెక్కేస్తే సీటీ స్కాన్ 60 రోజుల లోపలికి వచ్చింది, మొదటి కన్సల్టేషన్, ఎండోస్కోపీ బయటికి పోయాయి. ఏం చేస్తాం.

ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఉన్న అమ్మాయి ప్రీ-ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) ఫారం ఇచ్చింది. సగం నేను, సగం డాక్టర్ గారు నింపాలి. ఆపరేషన్‌కి ఆరు రోజుల ముందు పంపారు. మర్నాడు సాయంత్రం ఆ అమ్మాయే ఫోన్ చేసింది. "మేడమ్, క్వెరీ వచ్చింది. మీకిది చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బని మొదటి ఓపీ చీటీలో ఉందట. పాత రికార్డులన్నీ అడుగుతున్నారు."

నాకు కాళ్లు చల్లబడ్డాయి. చిన్నప్పటి నుంచి ఉందంటే పాలసీ కంటే ముందే ఉన్నట్టు. అంటే 36 నెలలు నిండాలి. నాకు నడుస్తున్నది 31. పైగా పాలసీ తీసుకునేటప్పుడు నింపిన ప్రపోజల్ ఫారంలో ముక్కు జబ్బేమీ లేదని రాశాను కదా, దాచి పెట్టాననుకుంటారేమో అన్న టెన్షన్ దానికి మించిపోయింది. దాచింది లేదు. పిల్లప్పుడు చలికాలంలో జలుబు చేసేది, వారంలో తగ్గిపోయేది. ఎవరికి చేయదు? వాసన పోవడం, బుగ్గల్లో బరువు, ఇవన్నీ నిరుడు మొదలైనవి. ఈ రెంటినీ కలిపి ఒకే వాక్యంలో చెప్పింది నేనే.

మర్నాడు పొద్దున్నే డాక్టర్ గారి దగ్గరికి వెళ్లి, ఆ చీటీలో మాట కొట్టేసి ఇవ్వమని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "రాసింది కొట్టెయ్యకూడదమ్మా. అది రికార్డు. నువ్వు చెప్పిందే అక్కడ ఉంది. అసలు ఏం జరిగిందో ఇంకోసారి వివరంగా చెప్పు, ఆధారాలుంటే చూపించు, విడిగా లెటర్ రాస్తాను." ఆ క్షణంలో కాస్త కోపం వచ్చిన మాట నిజం. కానీ ఆయన చేసిందే సరైంది. కొట్టివేత ఉన్న కాగితం చూస్తే ఎవరికైనా అనుమానమే వస్తుంది, ఆపైన మనం నిజం చెప్పినా నమ్మరు.

ఇంటికొచ్చి బీరువాలో ఫైళ్లన్నీ మంచం మీద పరిచాం. మా వారు ఒక్కో కాగితం తేదీ చదువుతుంటే నేను వరసగా పేర్చాను. రెండు కాగితాలు పనికొచ్చాయి. ఒకటి, పాలసీ తీసుకునే ముందు ఏడాదిలో ఆఫీసు వాళ్లు చేయించిన హెల్త్ చెకప్. అందులో చెవి, ముక్కు, గొంతు అన్న గడికి ఎదురుగా నార్మల్ అని ఉంది. రెండోది మా ఫ్యామిలీ డాక్టర్ మొదటి చీటీ. మడతల దగ్గర చిరిగిపోయింది, ఇంకు సగం వెలిసింది, కానీ "ముక్కు దిబ్బడ, వాసన తగ్గింది, పది రోజులుగా" అన్న లైను, దాని పైన తేదీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. లెక్క వేస్తే అది పాలసీ మొదలైన 17వ నెల. ఆ చీటీని నేను ఎందుకు పారేయలేదో నాకే తెలియదు.

డాక్టర్ గారు రెండూ చూసి, మా ఫ్యామిలీ డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడి, ఒక పేజీ లెటర్ ఇచ్చారు. చిన్నతనంలో వచ్చి తగ్గిన మామూలు జలుబులు వేరు, ప్రస్తుత జబ్బు 14 నెలల కిందట మొదలైంది, ఎండోస్కోపీలో ఇది కనిపించింది, స్కాన్‌లో ఇది కనిపించింది, ఎనిమిది వారాల మందులకు లొంగలేదు అని. చివర్లో ముక్కు గోడ సరిచేయడం అందం కోసం కాదు, గాలి ఆడటం కోసమే అని కూడా జత చేశారు. అది ఎవరూ అడగలేదు. కానీ తర్వాత ఎలాగూ అడుగుతారని ఆయనకు తెలుసు. ముక్కు ఆకారం మార్చే ఆపరేషన్లకు సాధారణంగా ఇన్సూరెన్స్ ఉండదు, పైకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

రెండు రోజులు ఏ కబురూ లేదు. ఆపరేషన్ ముందు రోజు మధ్యాహ్నం అప్రూవల్ వచ్చింది. అడిగిన మొత్తంలో కొంత మాత్రమే. అది మొదటి విడత అని, మిగతాది డిశ్చార్జి బిల్లు చూసి ఇస్తారని డెస్క్ అమ్మాయి సర్ది చెప్పింది.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పూర్తి మత్తు ఇచ్చారు, గంటన్నర పట్టింది, బయట కోత ఏదీ లేదు. ఆ రాత్రి మాత్రం కష్టమే. ముక్కు నిండా ప్యాకింగ్, నోటితో గాలి పీల్చి పీల్చి నాలుక ఎండిపోయింది. తల ఎత్తుగా పెట్టుకుని పడుకున్నాను. కొన్నాళ్లు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. తీసిన పాలిప్స్‌ను ల్యాబ్‌కి పంపారు.

మర్నాడు పది గంటలకి డిశ్చార్జి అన్నారు. సమ్మరీ ప్రింట్ తీసి సంతకం పెట్టమని ఇచ్చారు. కళ్లు మూతలు పడుతున్నాయి, ఎప్పుడెప్పుడు ఇంటికెళ్దామా అని ఉంది. అయినా చదివాను. రెండో లైనులో, లక్షణాలు 14 ఏళ్లుగా ఉన్నాయని ఉంది. నెలలు అని ఉండాల్సిన చోట ఏళ్లు! ఎవరో కంగారులో టైపు చేశారు. వెంటనే నర్సమ్మను పిలిచి చూపించాను. డ్యూటీ డాక్టర్ వచ్చి, డాక్టర్ గారి లెటర్‌తో పోల్చి చూసి, సరిచేసి కొత్తది ఇచ్చారు. గంట ఆలస్యమైంది. అది అలాగే ఫైనల్ బిల్లుతో వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోబుద్ధి కాదు.

ఫైనల్ అప్రూవల్ వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. గ్లవ్స్, కొన్ని డిస్పోజబుల్ సామాన్లు, రిజిస్ట్రేషన్ ఫీజు మాకే పడ్డాయి. ఏది ఎందుకు కట్టలేదో లైను వారీగా రాయించుకున్నాం. అందులో ఒకటి తప్పుగా కోసినట్టు కనిపిస్తే మెయిల్ పెట్టాం, పన్నెండు రోజులకు అది వచ్చింది.

వారం తర్వాత ఒకసారి, మూడో వారంలో ఇంకోసారి ముక్కు శుభ్రం చేశారు. ఎండిన పొరలు తీస్తుంటే కళ్ల నీళ్లు తిరిగాయి, తీశాక మాత్రం గాలి ఎంత చల్లగా లోపలికి వెళ్లిందో! స్ప్రే, ఉప్పునీళ్లు ఆపకూడదన్నారు. ఆపరేషన్ దారి తెరుస్తుందే కానీ వాపు వచ్చే గుణాన్ని తీసేయదు, పాలిప్స్ మళ్లీ రావచ్చు. ఆ స్ప్రే బిల్లులు, ల్యాబ్ రిపోర్టు, సీటీ బిల్లు అన్నీ కలిపి 90 రోజులు నిండకముందే రీయింబర్స్‌మెంట్‌కి, అంటే మేం కట్టిన డబ్బు తిరిగి ఇమ్మని, పెట్టాను. ఉప్పునీళ్ల సీసా తప్ప మిగతావి ఇచ్చారు.

మొదటి రోజు డాక్టర్ గారు 22 ప్రశ్నల ఫారం ఒకటి నింపించారు. ఒక్కోదానికి సున్నా నుంచి అయిదు వరకు మార్కులు, మొత్తం 110. ఎక్కువ వస్తే బాధ ఎక్కువని అర్థం. అప్పుడు నాకు 61 వచ్చింది. మూడు నెలల తర్వాత అదే ఫారం మళ్లీ నింపితే 17.

మొన్న మా వారు స్నానం చేసి గదిలోకి వచ్చారు. నేను పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "సబ్బు మార్చారా?" అని అడిగాను.