డోర్నకల్‌లో దిగిన రోజు

వరంగల్ స్టేషన్‌లో పొద్దున ప్యాసింజర్ ఎక్కేటప్పుడు నా జేబులో ఒక కవర్ ఉంది. అందులో లక్షన్నర. ఏడేళ్ల కింద, చెల్లె పెళ్లికని నాన్న చిట్టీ ఎత్తి దాచిన మూడు లక్షలు ఎవరికీ చెప్పకుండా తీసి, షేర్ మార్కెట్‌లో ఆప్షన్స్ ట్రేడింగ్ చేసి పోగొట్టాను. పెళ్లి ఏడాది ఆగిపోయింది. నాన్న ఇంటి పక్క జాగా అమ్మి పెళ్లి చేశాడు. మొహం చెల్లక నేను పోలేదు. నాన్న చనిపోయినప్పుడు వెళ్లాను కానీ చెల్లె వైపు చూడలేకపోయాను.

మొన్న తనే ఫోన్ చేసింది. "అన్నా, శనివారం రా. ఆదివారం చర్చికి కలిసి పోదాం."

దారి పొడవునా ఏం చెప్పాలో కూర్చుకుంటూనే ఉన్నాను. నెక్కొండ దాటేసరికి మొదటి మాట దొరికింది. కేసముద్రం, మహబూబాబాద్ పోయాయి. కల్లాల్లో ఆరబోసిన మిర్చి ఎర్రగా కనిపిస్తోంది, మనసు అక్కడ నిలవలేదు. గార్ల వచ్చేసరికి అంతా సిద్ధం: తప్పు చేశాను, మిగతాది రెండేళ్లలో కడతాను, నువ్వు నాతో మాట్లాడకపోయినా అడగను.

గుమ్మంలో "చెల్లె, నేను..." అన్నానో లేదో, "ముందు కాళ్లు కడుక్కో అన్నా, అన్నం చల్లారిపోతది" అంది. బగారా అన్నం, కోడికూర. బావ పక్కనే కూర్చొని వడ్డించాడు. తిన్నాక కవర్ తీసి ఇచ్చాను. లెక్కపెట్టలేదు. బీరువాలో చీరల కింద పెట్టేసి వచ్చి, "పైసలు సరే. ఏడు క్రిస్మస్‌లు నువ్వు లేకుండనే పోయినయి కద అన్నా" అంది. అంతే, ఏడ్చేశాను. అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక బైబిల్లో లూకా సువార్త 15వ అధ్యాయం తీశాను. తండ్రి ఆస్తిలో తన వాటా తీసుకుపోయి పాడుచేసుకున్న తప్పిపోయిన కొడుకు కూడా ఇంటికి తిరిగొచ్చే దారిలో మాటలు సిద్ధం చేసుకునే వస్తాడు, నన్ను కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో అని అడగాలని. ఆ చివరి మాట దాకా తండ్రి రానివ్వడు. ఎన్నోసార్లు విన్న కథ. ఈ సంగతి మాత్రం ఆ రాత్రే కనపడింది.

పొద్దున చర్చికి వెళ్లాం. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథెడ్రల్ అది, అంటే బిషప్ ఉండే పెద్ద చర్చి. గుడి మండపం లాంటి స్తంభాలు, మసీదును తలపించే గుమ్మటాలు, వాటి మధ్య సిలువ. కట్టించిన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళనాడు నుంచి వచ్చినవాడు. ఇంగ్లండ్ చర్చి నుంచి పుట్టిన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్, 1912లో అభిషేకం పొందాడు. 1945లో చనిపోయే దాకా డోర్నకలే ఆయన ఊరు. అంతకుముందు 1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సదస్సులో, తెల్ల మిషనరీల ముందు నిలబడి ఆయన అడిగింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మీరు పేదలకు ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, మేం ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. కవర్‌లో లక్షన్నర పెట్టుకుని వచ్చిన నాకు ఆ మాట సూటిగా తగిలింది.

ఆరాధనలో యేసు నేర్పిన పరలోక ప్రార్థన వచ్చింది. మత్తయి సువార్తలో ఉన్నట్టే మా ఇంట్లో చిన్నప్పటి నుంచి "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము" అని చెప్పేవాళ్లం. నాన్న రోజూ రాత్రి గట్టిగా చెప్పించేవాడు. తెలుగులో ఆ మాట అప్పు అనే అర్థంతోనే ఉంది. ఋణములు అనే చోటికి వచ్చేసరికి నాకు గొంతు పెగల్లేదు. పక్కన చెల్లె మాత్రం ఆగకుండా చెప్పుకుంటూ పోయింది, నా వైపు చూడకుండానే. ఈ ఏడేళ్లలో ఎన్ని రాత్రులు ఆ వాక్యం దగ్గర నా పేరు తలచుకుని ఉంటుందో. నేను అడగకముందే, ఒక్క రూపాయి తిరిగి ఇవ్వకముందే నన్ను క్షమించేసింది. క్రీస్తు ప్రేమకు షరతులు లేవని చిన్నప్పటి నుంచి వింటున్నాను, నమ్ముతున్నాను కూడా. ఆ ప్రేమ నా చెల్లె గొంతులో వినిపించింది అప్పుడే.

సాయంత్రం స్టేషన్ దాకా వచ్చింది. ట్రైన్ కదిలేముందు కిటికీలోంచి స్టీలు టిఫిన్ డబ్బా అందించింది, రాత్రికి తినమని.

"డబ్బా నాన్నది. క్రిస్మస్‌కు వచ్చేటప్పుడు తీసుకురా అన్నా."