"అన్యాయం ఏ సెక్షనమ్మా?": లా మొదటి సంవత్సరంలో నా అనుభవం

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరేముందు నాకున్న భయమల్లా ఒకటే, ఇన్ని సెక్షన్లు బట్టీ పట్టగలనా అని. తీరా చేరాక చూస్తే సెక్షన్లు అసలు సమస్యే కాదు. బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానం లేకుండా చట్టం మాత్రమే అచ్చేసిన పుస్తకం, చేతిలో ఉంటుంది, తీసి చూసుకోవచ్చు.

మొదటి వారం, కాంట్రాక్ట్స్ క్లాసు. సార్ లాల్‌మన్ శుక్లా కేసు ఎత్తుకున్నారు. 1913, అలహాబాద్ హైకోర్టు. ఇంట్లో పిల్లాడు తప్పిపోతే వెతకమని యజమాని తన గుమాస్తాను హరిద్వార్ పంపాడు. అతను వెళ్లాక, పిల్లాణ్ణి కనిపెట్టినవాళ్లకు 501 రూపాయలిస్తానని కరపత్రాలు వేయించాడు. ఆ సంగతి తెలియకుండానే గుమాస్తా పిల్లాణ్ణి కనిపెట్టాడు. తర్వాత బహుమతి కోసం కోర్టుకెక్కితే కుదరదన్నారు.

సార్ నన్ను లేపారు. "నీకేమనిపిస్తోంది?"

"అన్యాయం సార్."

"అన్యాయం ఏ సెక్షనమ్మా?"

క్లాసంతా నవ్వింది. కూర్చోబోతే ఆపారు. అతను గుమాస్తా కాకుండా దారినపోయేవాడైతే? వెతకడం మొదలుపెట్టకముందే కరపత్రం చదివుంటే? ఆయన ఒక్కో విషయం మార్చినప్పుడల్లా నా జవాబు అటూ ఇటూ ఊగింది. ఒప్పందం కావాలంటే ఎదుటివాళ్ల ప్రతిపాదన తెలిసి ఒప్పుకోవాలి, తెలియనిదాన్ని ఒప్పుకోవడం కుదరదు. పైగా వెతకడం ఎలాగూ అతని ఉద్యోగం. ఈ రెండు ముక్కలు నాతో చెప్పించడానికి గంట పట్టింది.

ఆ టెన్షన్‌తో మర్నాటి కేసు ముందే చదువుకుందామని కార్లిల్ తీర్పు పట్టుకున్నాను. మా స్మోక్ బాల్ (ముక్కుతో పీల్చే మందు) సరిగ్గా వాడాక కూడా ఇన్‌ఫ్లుయెంజా వస్తే 100 పౌండ్లు ఇస్తామని ఒక కంపెనీ ప్రకటన ఇచ్చింది, వాడినావిడకు జబ్బు వచ్చింది. కథ ఇంతే. 1892 నాటి ఆ ఇంగ్లిష్ మాత్రం రాత్రి పదకొండయినా నాలుగు పేజీలు దాటలేదు. ముఖ్యమైనవాటికి పసుపు రంగు పూద్దామని మొదలుపెడితే చివరికి పేజీలన్నీ పసుపే.

నన్ను గట్టెక్కించింది సార్ వేసిన ప్రశ్నే. ఈ విషయం తీసేస్తే తీర్పు మారుతుందా? 1,000 పౌండ్లు బ్యాంకులో వేశామని ప్రకటనలో ఒక వాక్యం ఉంది. ఏదో గొప్పకి రాసుకున్నారులే అని వదిలేశాను. తీరా చూస్తే, ఆ ప్రకటన ఊరికే అన్న మాట కాదని జడ్జీలు పట్టుకున్నది దాన్నే. అప్పట్నుంచి నా కేసు నోట్సు అరపేజీ దాటలేదు.

క్రిమినల్ లా గోల వేరు. సీనియర్లు ప్రేమగా ఇచ్చిన నోట్సు నిండా పాత శిక్షా చట్టం ఐపీసీ సెక్షన్లే. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది, హత్య 302 నుంచి 103కి మారింది. చుట్టాలు మాత్రం ఇప్పటికీ 420 గురించే అడుగుతారు. అది 318 అయిందంటే నాకే సరిగ్గా రాదనుకుంటారు. మిగతా సబ్జెక్టుల్లో కొన్ని నిజంగానే బోరు, అటెండెన్స్ కోసం కూర్చున్నాను.

కాంట్రాక్ట్స్ మొదటి ఇంటర్నల్‌లో మైనర్ అప్పు కోసం చేసిన ఒప్పందం మీద ప్రాబ్లం ఇచ్చారు. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 11, 1903 నాటి మొహొరీ బీబీ కేసు, కాబట్టి ఒప్పందం చెల్లదు. మూడు లైన్లలో తేల్చేశాను. పదికి మూడొచ్చాయి, పక్కన ఎర్ర ఇంకుతో "ఎందుకు?" అని ఉంది. రెండోసారి అప్పిచ్చినవాడి తరఫున కూడా వాదన రాసి, అదెందుకు నిలబడదో చెప్పాను. ఏడు.

సంవత్సరం చివర్లో టార్ట్స్ (ఒకరి తప్పు వల్ల ఇంకొకరికి నష్టం జరిగితే పరిహారం ఇప్పించే చట్టం) క్లాసులో జింజర్ బీర్ సీసాలో నత్త కేసు వచ్చింది. 1932, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్. అందరూ తయారీదారు బాధ్యత గురించి రాసుకుంటున్నారు. నేను చెయ్యెత్తాను. "అసలు సీసాలో నత్త ఉందని రుజువైందా సార్?"

"కాలేదమ్మా," అన్నారు. "రాజీ పడిపోయారు, అంతదాకా రానేలేదు."