గుర్రం లేని పందెం

2023 జూన్‌లో అమ్మానాన్నలు మా దగ్గర ఉన్నప్పుడు వాళ్లని కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో జరిగే అలమీడా కౌంటీ ఫెయిర్‌కి తీసుకెళ్లాను. కౌంటీ ఫెయిర్ ఎప్పుడూ చూడనివాళ్లు మన ఊరి జాతర, నాంపల్లి ఎగ్జిబిషన్, పశువుల సంత మూడింటినీ ఒకే ప్రహరీ లోపల పెట్టినట్టు ఊహించుకోండి. ఒక షెడ్డులో బళ్లో చదివే పిల్లలు తాము పెంచిన మేకల్ని దువ్వుతుంటారు, ఇంకోచోట నూనెలో వేయించని వస్తువంటూ ఉండదు, మధ్యలో జెయింట్ వీల్. అమ్మ మేకల దగ్గర ఆగిపోయింది. నాన్నకి మాత్రం దూరంగా మైకులో ఎవరో ఊపిరి తిప్పుకోకుండా అరుస్తున్న గొంతు వినపడింది.

"ఏరా, అక్కడేంటి?"

గుర్రప్పందాలు నాన్నా అన్నాను. డబ్బు కాస్తారా అన్నాడు. కాస్తారన్నాను. "పోలీసులో?" అన్నాడు. వాళ్లు గేటు దగ్గరే ఉన్నారు, బండ్లు ఎక్కడ పెట్టాలో చూపిస్తూ.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. సంక్రాంతికి కోడిపందేలు, పక్కనే గుండాట, కాయ్ రాజా కాయ్ అంటూ కేకలు, చట్టం వద్దంటుంది, కోర్టు వద్దంటుంది, అయినా మూడు రోజులు బరులు నడుస్తాయి. అలాంటి ఊళ్లో పుట్టి, బ్యాంకులో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషికి, ప్రభుత్వమే లైసెన్సిచ్చి, డాక్టర్ని పెట్టి, కెమెరాలు పెట్టి, రెండు డాలర్ల పందేనికి కూడా రసీదులాంటి టికెట్ ఇప్పించడం వింతగా అనిపించింది. మధ్యాహ్నమంతా అక్కడే కూర్చున్నాడు.

ఆ తర్వాత నాకూ దీని మీద ఆసక్తి పుట్టి కొంత చదివాను, కొంత అక్కడి ముసలాళ్లతో మాట్లాడాను. అందుకే ఈ పోస్టు.

ముందు లెక్క సంగతి. అమెరికా ట్రాకుల్లో నడిచేది హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సు భాషలో చెప్పాలంటే టోట్. బుకీతో బేరం ఉండదు. అందరి డబ్బూ ఒకే కుండలో పడుతుంది, కోత పోగా మిగిలింది గెలిచినవాళ్లు పంచుకుంటారు. కాలిఫోర్నియాలో మామూలు విన్ పందెం, అంటే మొదటొచ్చే గుర్రం ఒక్కటీ చెప్పే పందెం మీద కోత 15.43 శాతం. మొదటి రెండు గుర్రాలు వరసగా చెప్పాలి, మొదటి మూడు చెప్పాలి లాంటి పందేల మీద 22 శాతం దాటిపోతుంది. నాన్న వెంటనే అన్నమాట: "మన చిట్టీలో ఐదు శాతం కమిషన్ తీసుకుంటేనే వాణ్ని తిడతాం కదరా." నిజమే. కానీ ఆ కోత ఒక్కడి జేబులోకి పోదు. గుర్రాల యజమానులకిచ్చే ప్రైజ్ మనీ, ట్రాకు, పెంపకందార్లు, ఇలా ఎవరి వాటా ఎంతో చట్టంలోనే దశాంశాలతో సహా రాసిపెట్టారు. చదువుతుంటే అన్నదమ్ముల పొలం పంపకం దస్తావేజులా ఉంటుంది.

దీని వెనకున్న ఒప్పందం పాతది. 1909లో కాలిఫోర్నియా రేసు పందేల్ని నిషేధించింది. 1933 వచ్చేసరికి మాంద్యం, ఖజానా ఖాళీ. ఓటర్లు రాజ్యాంగ సవరణకి ఒప్పుకున్నారు, హార్స్ రేసింగ్ బోర్డు పుట్టింది. జనం ఒప్పుకోవడానికి ఒక కారణం, పందెం డబ్బులో వాటా ఫెయిర్లకి పోతుందని చెప్పడం. రైతుల సంతకీ పిల్లల మేకలకీ షెడ్లు కట్టడానికి ఆ డబ్బు ఉపయోగపడింది. జూదాన్ని పశువుల కొట్టానికి కట్టేశారన్నమాట. నాకైతే ఈ ముడి బాగా నచ్చింది. పందెం కాయాలంటే గుర్రం ఉండాలి, గుర్రం పరిగెత్తాలంటే ట్రాకు ఉండాలి, ట్రాకు ఉండాలంటే ఊరు ఒప్పుకోవాలి. ప్లెజంటన్ ట్రాకు 1858 నాటిది, దేశంలో అతి పాత మైలు ట్రాకు అని చెప్పుకుంటారు.

మళ్లీ నాన్న దగ్గరికి వస్తాను. ఓ రేసులో ఆయన రెండు డాలర్లు పెట్టిన గుర్రం రెండోది వచ్చింది. టికెట్ చింపబోతుంటే పక్కన కూర్చున్న పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. బోర్డు మీద ఎంక్వైరీ అని లైటు వెలుగుతోంది. పైన గదిలో ముగ్గురు స్టీవార్డులు, అంటే రేసు తీర్పరులు, వీడియో వెనక్కి తిప్పి చూస్తున్నారు, మలుపు దగ్గర మొదటి గుర్రం పక్కదానికి అడ్డం వచ్చిందా అని. ఫలితం ఖరారయ్యేదాకా టికెట్ పారేయకూడదట. చివరికి ఏమీ మారలేదు, ఆయన డబ్బు పోయింది. అయినా మొహం వెలిగిపోతోంది. "మన బరిలో ఇలా వీడియో చూసుంటే ఎన్ని తలకాయలు మిగిలుండేవో" అన్నాడు.

ఇంకొన్ని చూశాం. రేసుకి ముందు జాకీని తూస్తారు, రేసయ్యాక మళ్లీ తూస్తారు. పొద్దున్నే బోర్డు తరఫు వెటర్నరీ డాక్టరు గుర్రాల కాళ్లు తడిమి, నడిపించి చూస్తాడు, అనుమానం వస్తే ఆ రేసు నుంచి తీసేస్తాడు, ఎవరూ ఎదురు చెప్పడానికి లేదు. గెలిచిన గుర్రాన్ని నేరుగా టెస్టు కొట్టానికి తీసుకెళ్లి రక్తం, మూత్రం తీసుకుంటారు. గుర్రం మూత్రం పోయాలని పక్కన ఒకాయన ఈల వేస్తూ నిలబడతాడు, అదొక ఉద్యోగం, మా నాన్నకి ఆ రోజంతటిలో బాగా నచ్చింది అదే. 2019లో లాస్ ఏంజెలెస్ దగ్గరి సాంటా అనిటాలో 30కి పైగా గుర్రాలు చనిపోయాక రూల్స్ ఇంకా బిగించారు. జాకీ కొరడాతో ఆరుసార్లకి మించి కొట్టకూడదు, అదీ చెయ్యి పైకెత్తి కాదు. 2022 నుంచి దేశం మొత్తానికీ ఒక భద్రతా సంస్థ వచ్చింది. వీటికయ్యే ఖర్చు మాత్రం చిన్న ఫెయిర్‌కీ పెద్ద ట్రాకుకీ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. డాక్టరు డాక్టరే, అంబులెన్సు అంబులెన్సే. ఏడాదికి రెండు మూడు వారాలు రేసులు పెట్టే ఫెయిర్‌కి అది మోయలేని బరువు. అలాగని రూల్స్ వదిలేయమని నేను అనను. కాలు విరిగిన గుర్రం ప్రాణం తీసే ముందు జనానికి కనపడకుండా చుట్టూ పచ్చటి తెర కట్టడం ఒక్కసారి చూసినా ఆ మాట ఎవరూ అనలేరు.

ఇక హాలు సంగతి. ట్రాకు పక్కనే ఆఫ్ ట్రాక్ బెట్టింగ్ హాలు ఉంటుంది. గోడ నిండా టీవీలు, ఫ్లోరిడా, కెంటకీ, న్యూయార్క్ రేసులు, కౌంటర్లు, మెషీన్లు. ఇది 1980లలో మొదలైంది. ఫెయిర్ నడవని రోజుల్లో ఆ భవనాల్లో టీవీలు పెట్టి వేరే ఊరి రేసుల మీద పందేలు తీసుకుంటే ఏడాది పొడవునా ఆదాయం వస్తుందని. హాల్లో పడిన పందేల మీద ఆ చోటు నడిపే ఫెయిర్‌కి రెండు శాతం. ఇదీ పద్ధతిగానే రాశారు. రాష్ట్రాన్ని ఉత్తర, మధ్య, దక్షిణ జోన్లుగా కోశారు, ఒక హాలుకి 20 మైళ్ల లోపల ఇంకో హాలు పెట్టాలంటే పాతవాళ్లు ఒప్పుకోవాలన్నారు. మన దగ్గర వైన్ షాపుల గొడవ గుర్తొచ్చింది నాకు.

నా ఉద్దేశంలో ముడి సడలడం ఇక్కడే మొదలైంది. హాలు వచ్చినప్పుడు గుర్రం టీవీలోకి వెళ్లింది, మనిషి మాత్రం ఫెయిర్ ఆవరణలోనే ఉన్నాడు. 2001లో చట్టం మార్చి ఇంట్లో కూర్చుని ఫోన్లో, కంప్యూటర్లో పందెం కాయొచ్చన్నాక మనిషి కూడా వెళ్లిపోయాడు. ఫోన్ పందెంలోనూ వాటాలున్నాయి, కానీ మధ్యలో యాప్ నడిపేవాడు వచ్చాడు, వాడి ముక్క పోగా మిగిలిందే మిగతావాళ్లకి. హాలుకొచ్చి కాఫీ తాగి, పార్కింగ్‌కి డబ్బు కట్టి, మనవణ్ని మేకల దగ్గరికి తీసుకెళ్లే ముసలాయన ఇప్పుడు సోఫాలో ఉన్నాడు. 20 మైళ్ల రూలు హాలుకి ఉంది, జేబులో ఫోనుకి ఏ మైలురాయీ లేదు.

అక్కడి నుంచి వరసగా దెబ్బలే. 2009లో రేసులవాళ్లు పందెం డబ్బులోంచి ప్రభుత్వానికి కట్టే పాత లైసెన్సు ఫీజు తీసేసి, దానికి బదులు ఫెయిర్లకి ఏటా 3.2 కోట్ల డాలర్లు ప్రభుత్వ ఖజానా నుంచి ఇస్తామన్నారు. రెండేళ్లు తిరక్కుండా 2011 బడ్జెట్ కష్టాల్లో అదీ ఆపేశారు. పరిశ్రమకి ఫీజు మాఫీ అయింది, ఫెయిర్‌కి డబ్బు ఆగింది. 1933 నాటి ఒప్పందం కాగితం మీద చచ్చిపోయింది ఆ రోజే అంటాను, ఎవరూ ఏడ్చినట్టు లేదు. మరోపక్క గుర్రాలే తగ్గిపోయాయి. ఉత్తర అమెరికాలో 1986లో 51 వేల థరోబ్రెడ్ (పందెపు జాతి) గుర్రప్పిల్లలు పుడితే ఇప్పుడు 20 వేలు కూడా లేవు. ఐదు గుర్రాల రేసు మీద ఎవరు కాస్తారు? కాయకపోతే ప్రైజ్ మనీ తగ్గుతుంది, తగ్గితే యజమాని గుర్రాన్ని వేరే రాష్ట్రానికి పంపుతాడు. కొన్ని రాష్ట్రాల్లో కాసినో డబ్బు ప్రైజుల్లో కలుపుతారు. కాలిఫోర్నియాలో స్లాట్ మెషీన్లు ఆదివాసీ తెగల హక్కు, రేసులవాళ్లు వాటిని ముట్టుకోలేరు.

2024 జూన్ 9న బర్కిలీ పక్కన గోల్డెన్ గేట్ ఫీల్డ్స్ ట్రాకు మూసేశారు. ఉత్తర కాలిఫోర్నియాలో ఏడాదిలో ఎక్కువ రోజులు రేసులు నడిపింది అదే. ఫెయిర్లవాళ్లు కలిసి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ప్లెజంటన్‌లోనే సొంతంగా రేసులు పెట్టారు. నేను ఒక ఆదివారం వెళ్లాను, స్టాండ్‌లో జనం పెళ్లయిపోయిన మర్నాటి పందిరిలా ఉన్నారు. అనుకున్న డబ్బు రాలేదు. 2025లో అలమీడా ఫెయిర్ గుర్రాలు లేకుండానే జరిగింది. దక్షిణాన డెల్ మార్ కూడా ఫెయిర్ స్థలమే, అక్కడ మాత్రం వేసవి రేసులకి ఇంకా టోపీలు పెట్టుకుని జనం వస్తారు. సముద్రం పక్కనుంది మరి.

ఇదంతా విని మా ఆవిడ, "జూదం పోతే పోనీ, నీకెందుకు బాధ" అంది. జూదం పోలేదు, అదే నా బాధ. పోయింది గుర్రం, గుర్రపు డాక్టరు, ఈల వేసేవాడు, తెల్లారుజామున నాలుగింటికి లేచి కొట్టం ఊడ్చే మెక్సికన్ కుటుంబాలు. పందెం హాయిగా ఫోన్లో ఉంది, ఇంకా వేగంగా. మా ఊళ్లో మాకు తెలిసిన ఒకతను క్రికెట్ యాప్‌లో ఎకరం పొలం పోగొట్టుకున్నాడు, వాడి భార్యకి ఆర్నెల్ల దాకా తెలీదు. బరిలో పోగొట్టుకుంటే సాయంత్రానికి ఊరంతా తెలిసేది, ఎవరో ఒకరు ఇంటికి లాక్కొచ్చేవాళ్లు. పందేన్ని ఒక చోటుకీ ఒక వేళకీ కట్టేసి ఉంచడమే అసలు నియంత్రణ అని నాకిప్పుడు అనిపిస్తోంది. మిగతా దశాంశాలన్నీ దాని తర్వాతే. ఇండియాలో గుర్రప్పందెం నైపుణ్యం ఉన్న ఆట అని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సంగతి నాన్నకి చెబితే "కోడికి లేదా నైపుణ్యం?" అని అలిగాడు. ఇప్పుడక్కడ పందెం మొత్తం మీద జీఎస్టీ 40 శాతం. అంత పన్ను కట్టి మలక్‌పేట కౌంటర్లో టికెట్ కొనేకన్నా దొంగచాటు బుకీకి ఫోన్ కొట్టడం ఎంత తేలికో వేరే చెప్పాలా.

2025 ఫెయిర్‌కి మావాణ్ని తీసుకెళ్లాను. వాడికి ఏడేళ్లు, గుర్రాలేవి అన్నాడు. ట్రాకు వైపు గేటు వేసుంది. హాల్లో మాత్రం టీవీలు వెలుగుతున్నాయి, ఓ పెద్దాయన తల పైకెత్తి న్యూయార్క్ గుర్రాన్ని పేరు పెట్టి పిలుస్తున్నాడు. వాణ్ని పంది పిల్లల పరుగు దగ్గరికి తీసుకెళ్లాను, గెలిచినదానికి బిస్కెట్ ఇస్తారు. మూడో నంబరు గెలుస్తుందని వాడు, ఒకటో నంబరని నేను, ఒక నిమ్మరసం పందెం. వాడే గెలిచాడు. రాత్రి వీడియో కాల్లో తాతకి గొప్పగా చెప్పుకున్నాడు.

"గ్లాసు నిండా ఇచ్చాడా మీ నాన్న," అన్నాడు ఆయన, "కోత కోశాడా?"